చేతులు మరచిపోవు, కాళ్ళు మరచిపోతాయి

పందొమ్మిదేళ్ళ తరవాత మొన్న మళ్ళీ చేతికట్లు కట్టుకున్నాను. బొటనవేలికి ఉచ్చు తగిలించి, మణికట్టు చుట్టూ మూడు చుట్లు, కణుపుల మీదుగా మరో మూడు, వేళ్ళ సందుల్లోంచి ఒక్కొక్కటి. ఆలోచించి కట్టుకోలేదు, చేతులు వాటంతట అవే కట్టేసుకున్నాయి. అది చూసి నాలో నేను కొంచెం గర్వపడ్డానని ఒప్పుకోవాలి. ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. తాడాట నలభై దాకా వచ్చేసరికి ఊపిరి ఎగసింది. బస్తా ముందు నిలబడ్డాక మొదటి నిమిషం బాగానే ఉంది. రెండో నిమిషానికి భుజాలు బరువెక్కాయి. మూడో నిమిషంలో నేను బస్తాని కొడుతున్నానో, దాన్ని పట్టుకుని వేలాడుతున్నానో తెలియకుండా పోయింది. అక్కడ నేర్పే పెద్దాయన అంతా చూసి, "కొట్టడం గుర్తుందోయ్ నీకు, నిలబడడమే మరిచిపోయావు" అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. మానేసి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు బాక్సింగు చరిత్రలో ఎందరో ఉన్నారు. కాలేజీ రోజుల్లో వాళ్ళ కథలు నేను వీరగాథల్లా చదువుకున్నాను. ఇప్పుడు అవే కథలను వేరే అవసరంతో మళ్ళీ తిరగేశాను. ఎవరు గెలిచారన్నది కాదు, ఎవరు ఎలా తిరిగి వచ్చారన్నది నాకు కావలసింది. అలా చదివితే నాకు దొరికింది ఇదీ.

మొదటివాడు జేమ్స్ జెఫ్రీస్. బాయిలర్లు చేసే పని నుంచి రింగులోకి వచ్చిన బలిష్ఠుడు. 1899లో బాబ్ ఫిట్జ్‌సిమన్స్‌ని ఓడించి హెవీవెయిట్ ప్రపంచ విజేత అయ్యాడు. 1905లో, ఒక్క ఓటమి కూడా లేకుండా, చాలించుకున్నాడు. కాలిఫోర్నియాలోని బర్బ్యాంకులో పశుగ్రాసం పండించుకుంటూ స్థిరపడ్డాడు. ఒళ్ళు మూడు వందల పౌండ్లు దాటింది. అంటే మన లెక్కలో నూట ముప్ఫయ్యారు కిలోల పైమాటే.

ఆయన ఆ పొలంలోనే ఉండిపోయి ఉంటే చరిత్రలో పేరు మరో రకంగా మిగిలేది. కాని 1908 డిసెంబరు 26న సిడ్నీలో జాక్ జాన్సన్ అనే నల్లజాతి యోధుడు టామీ బర్న్స్‌ని ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. హెవీవెయిట్ కిరీటం నల్లవాడి తలకెక్కడం అదే మొదలు. తెల్ల అమెరికాకు అది మింగుడుపడలేదు. జెఫ్రీస్ పొలం విడిచి వచ్చి జాన్సన్‌కి బుద్ధి చెప్పాలని పత్రికలు గోల పెట్టాయి. ఆ పిలుపు రాసినవారిలో జాక్ లండన్ వంటి రచయిత కూడా ఉన్నాడు. తాను విజేతగా ఉన్నన్నాళ్ళూ నల్లవాళ్ళతో తలపడనని భీష్మించుకున్న జెఫ్రీస్, చివరికి సరేనన్నాడు.

ఇక్కడ నాకు ఆసక్తి కలిగించింది ఆయన సాధన. ఒక మనిషి ఏడాదిన్నర లోపల దాదాపు డెబ్భై పౌండ్లో, అంతకు మించో దించుకున్నాడు. 227 పౌండ్ల బరువుతో రింగులోకి దిగాడు. అద్దంలో చూసుకుంటే పాత జెఫ్రీసే కనపడి ఉంటాడు. చూడవచ్చినవాళ్ళందరికీ అలాగే కనపడ్డాడు. అయితే ఆ ఐదేళ్ళలో ఆయన ఒక్క నిజమైన పోటీ ఆడలేదు. తిరిగి వచ్చాక కూడా ముందుగా ఓ చిన్న పోటీ ఆడి చూసుకోలేదు. నేరుగా ప్రపంచంలోకెల్లా నేర్పరి ముందు నిలబడ్డాడు.

1910 జులై 4న నెవాడాలోని రీనోలో ఆ పోటీ జరిగింది. నలభై అయిదు రౌండ్లకు నిర్ణయించారు. ప్రోత్సాహకుడు టెక్స్ రికార్డే రెఫరీ. జాన్సన్ నవ్వుతూ, కబుర్లు చెబుతూ కొట్టాడు. పదిహేనో రౌండులో జెఫ్రీస్ నేలకొరిగాడు. జీవితంలో అంతకు ముందెప్పుడూ ఆయన కింద పడినవాడు కాదు. అక్కడితో ఆట ముగిసింది. ఆ రాత్రి అమెరికాలో ఎన్నో ఊళ్ళలో జాతి అల్లర్లు రేగాయి, ప్రాణాలు పోయాయి, పోయినవాటిలో ఎక్కువ నల్లవాళ్ళవే. ఆ పోటీ చలనచిత్రం మీద నిషేధాలు వచ్చాయి. 1912లో బాక్సింగు చిత్రాలను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి రవాణా చెయ్యడాన్నే నేరం చేస్తూ అమెరికా కాంగ్రెసు చట్టం చేసింది. ఒక మనిషి తిరిగి రావడం వెనక తనది కాని కోరిక ఉంటే దాని ఫలితం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు కనపడలేదు.

రెండోది ముహమ్మద్ అలీ కథ. అది అందరికీ తెలిసిందే అయినా, తెలిసిన కథలో గమనించని ముక్క ఒకటుంది.

1967 మార్చి 22న అలీ జోరా ఫాలీని ఓడించాడు. అప్పటికాయన వయసు ఇరవై అయిదు. ఏప్రిల్ 28న హ్యూస్టనులో, వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరడానికి నిరాకరించాడు. కిరీటం తీసేసుకున్నారు, లైసెన్సులు రద్దు చేశారు, పాస్‌పోర్టు లాక్కున్నారు. జూనులో న్యాయస్థానం ఐదేళ్ళ జైలు, పదివేల డాలర్ల జరిమానా విధించింది. అప్పీలు మీద బయట ఉన్నాడు కాని, ఎక్కడా పోటీ చెయ్యడానికి వీల్లేదు. కాలేజీల్లో ఉపన్యాసాలిచ్చాడు. బ్రాడ్వేలో ఒక సంగీత నాటకంలో నటించాడు. ఈ మధ్యలోనే 1969లో ఒక వింత జరిగింది. అలీకీ, ఎప్పుడో విరమించిన రాకీ మార్సియానోకీ కంప్యూటరు చేత ఊహాపోటీ కట్టించి, దానికి తగ్గట్టు ఇద్దరి చేతా ఎన్నో రౌండ్లు నటింపజేసి సినిమా తీశారు. మార్సియానో ఆ నటన కోసమే ఒళ్ళు తగ్గించుకుని, బట్టతల మీద విగ్గు పెట్టుకుని వచ్చాడు. సినిమా విడుదల కాకముందే, ఆగస్టు 31న, విమాన ప్రమాదంలో పోయాడు. ఆ సినిమా తలుచుకుంటే నాకు దిగులేస్తుంది. ఒకరు ఆడలేని వయసువాడు, ఒకరు ఆడనివ్వని వయసువాడు.

మూడేళ్ళ ఏడు నెలల తరవాత, 1970 అక్టోబరు 26న, అలీ మళ్ళీ రింగెక్కాడు. జార్జియా రాష్ట్రానికి బాక్సింగు కమిషను లేకపోవడం వల్ల అట్లాంటాలో దారి దొరికింది. నల్లజాతి శాసనసభ్యుడు లీరాయ్ జాన్సన్ అందుకు పూనుకున్నాడు. ఎదుటివాడు జెర్రీ క్వారీ. మూడు రౌండ్లయ్యేసరికి క్వారీ కనుబొమ చీలి ఆట ఆగింది. పత్రికలన్నీ అలీ తిరిగి వచ్చాడని రాశాయి. తూకం చూస్తే ఫాలీతో ఆడిననాటికీ ఈనాటికీ రెండు పౌండ్లకు మించి తేడా లేదు.

కాని తూకానికి అందనిది ఒకటి పోయింది. పాత అలీ దెబ్బలు కాచుకునేవాడు కాదు, దెబ్బ వచ్చే చోట ఉండేవాడు కాదు. చేతులు కిందికి వేలాడేసి, తల వెనక్కి వాల్చి, కాళ్ళ మీదే రౌండుకి రౌండు తప్పించుకునేవాడు. ఇరవై అయిదు నుంచి ఇరవై ఎనిమిది దాకా, ఒక బాక్సరుకి పండిన ఏళ్ళు, ఆ కాళ్ళు పోటీ లేకుండా గడిచాయి. తిరిగి వచ్చాక ఒకటి రెండు రౌండ్లు నర్తించేవి, ఆ పైన నేలకి దిగేవి. కాళ్ళు నిలిస్తే దెబ్బ తగులుతుంది. తగిలిన దెబ్బను ఓర్చుకోగలనని ఆయన అప్పుడే తెలుసుకున్నాడు. ఆయన వైద్యుడు ఫెర్డీ పచేకో దీన్ని మేలుగానూ కీడుగానూ చెప్పుకొచ్చాడు. 1971 మార్చి 8న జో ఫ్రేజియర్‌తో పదిహేను రౌండ్లూ నిలిచి, చివరి రౌండులో ఎడమచేతి హుక్కుకి కిందపడి, తిరిగి లేచి, నిర్ణయంలో ఓడాడు. అదే ఏడాది జూన్ 28న సుప్రీంకోర్టు ఆయన శిక్షను ఏకగ్రీవంగా కొట్టేసింది. న్యాయం తిరిగొచ్చింది కాని కాళ్ళు రాలేదు.

కాళ్ళు లేని అలీ మరో అలీని తయారుచేసుకున్నాడు. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్ ముందు తాళ్ళకి ఆనుకుని నిలబడి, వాడి బలమంతా తన చేతుల మీద, పక్కటెముకల మీద ఖర్చు చేయించి, ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. వ్యూహంగా అది అద్భుతం. దాని వెల ఎంతో ఆరోజు ఎవరూ లెక్కవెయ్యలేదు.

ఆ లెక్క 1980లో తేలింది. రెండేళ్ళు విరమించాక, ముప్ఫై ఎనిమిదో ఏట, అలీ రెండోసారి తిరిగి వచ్చాడు. పెరిగిన ఒళ్ళు గబగబా దించేశాడు. నెరిసిన జుట్టుకి నల్లరంగు వేసుకున్నాడు. థైరాయిడ్ మందు కూడా వాడాడు. విలేకరులు ఆయన రూపం చూసి పదేళ్ళు వెనక్కి వెళ్ళాడని ముచ్చటపడ్డారు. జెఫ్రీస్ విషయంలో జరిగినట్టే ఇక్కడా అద్దం అబద్ధం చెప్పింది. అక్టోబరు 2న లాస్ వేగాస్‌లో లారీ హోమ్స్‌తో నేరుగా కిరీటం కోసం తలపడ్డాడు. హోమ్స్ ఒకప్పుడు అలీ శిబిరంలో ఆయనకు సాధనలో తోడు నిలిచినవాడు. పది రౌండ్లు అలీ దాదాపు ఏమీ చెయ్యలేకపోయాడు. గురువు ఏంజెలో డండీ ఇక చాలని ఆపేశాడు. ఆ మరుసటి ఏడాది బహమాస్‌లో ఇంకొక ఓటమి. 1984లో పార్కిన్సన్ లక్షణాల సంగతి లోకానికి తెలిసింది. 2016లో పోయేదాకా ఆ చేతులు వణుకుతూనే ఉన్నాయి.

మూడోవాడు, ఈ వ్యాసానికి అసలు నాయకుడు, కిన్షాసాలో ఆ రాత్రి కింద పడ్డ జార్జ్ ఫోర్‌మన్.

హ్యూస్టనులోని పేదవాడలో పెరిగి, పేద యువకులకు పని నేర్పే ప్రభుత్వ పథకం ద్వారా బాక్సింగులోకి వచ్చి, 1968 మెక్సికో ఒలింపిక్సులో స్వర్ణం తెచ్చినవాడు. 1973లో కింగ్‌స్టన్‌లో ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు. అలీ చేతిలో ఓడాక కోలుకోలేదు. 1977 మార్చి 17న సాన్ హువాన్‌లో జిమ్మీ యంగ్ చేతిలో ఓడి, దుస్తులు మార్చుకునే గదిలోనే తనకు దైవానుభవం కలిగిందని చెప్పి, ఇరవై ఎనిమిదో ఏట ఆట మానేశాడు. పదేళ్ళు హ్యూస్టనులో మత ప్రచారకుడిగా గడిపాడు. పిల్లల కోసం ఒక కేంద్రం పెట్టాడు. దాన్ని నడపడానికి డబ్బు కావలసివచ్చింది. తనకు తెలిసిన సంపాదన మార్గం ఒక్కటే.

1987 మార్చి 9న శాక్రమెంటోలో స్టీవ్ జౌస్కీ అనే అంతగా పేరులేని బాక్సరుతో మళ్ళీ మొదలుపెట్టాడు. బరువు 267 పౌండ్లు. గుండుతల, బానపొట్ట. వయసు ముప్ఫై ఎనిమిది. అంటే హోమ్స్ ముందు అలీ నిలబడిన వయసే. ఒకరు ముగించిన చోట ఇంకొకరు మొదలుపెట్టారు. ఇద్దరిలో తేడా ఎక్కడుందని నేను చాలాసేపు ఆలోచించాను.

ఒక తేడా మెట్లలో ఉంది. జెఫ్రీస్ తిరిగి వచ్చాక విజేత ముందు నిలబడేముందు ఆడిన పోటీలు సున్నా. 1980లో అలీ ఆడినవీ సున్నా. 1970లో అలీ రెండు ఆడాడు, అదీ ఐదు నెలల్లో. ఫోర్‌మన్ నాలుగేళ్ళలో ఇరవై నాలుగు ఆడాడు, అన్నీ గెలిచాడు. అనామకులతో ఆడుతున్నాడని పత్రికలు నవ్వాయి. ఆయన వాళ్ళకంటే ముందే తన పొట్ట మీదా తన తిండి మీదా తనే హాస్యమాడాడు. 1991లో ఇవాండర్ హోలీఫీల్డుతో కిరీటం కోసం పన్నెండు రౌండ్లు ఆడి నిర్ణయంలో ఓడినప్పుడు ఆ నవ్వులు ఆగాయి.

రెండో తేడా ఇంకా ముఖ్యం. ఫోర్‌మన్ పాత ఫోర్‌మన్‌గా తిరిగి రాలేదు. పాత ఫోర్‌మన్ కోపిష్ఠి, మొదటి రౌండులోనే అన్నీ ఖర్చు చేసేసేవాడు, ఐదో రౌండుకి ఊపిరి చాలేది కాదు. కిన్షాసాలో ఆయన్ని ఓడించింది అలీ ఎంతో, ఆ తొందర అంతే. కొత్త ఫోర్‌మన్ నెమ్మదస్తుడు. రెండు ముంజేతులూ మొహానికి అడ్డంగా పెట్టుకుని, చిన్న చిన్న అడుగులతో ముందుకు జరుగుతూ, ఎడమచేతి జాబ్‌తో దారి చేసుకునేవాడు. రౌండుకీ రౌండుకీ మధ్య కుర్చీలో కూర్చునేవాడు కాదు, నిలబడే ఉండేవాడు. కాళ్ళు తిరిగి రావని ముందే ఒప్పుకుని, కాళ్ళతో పని లేని ఆట కట్టుకున్నాడు. పదేళ్ళ విరామంలో తలకి దెబ్బలు తగలకపోవడం కూడా ఆయనకి కలిసివచ్చి ఉంటుందని నా అనుమానం. అలీకి 1970 తరవాత ఆ విశ్రాంతి దొరకలేదు.

1994 నవంబరు 5. లాస్ వేగాస్. విజేత మైకేల్ మూరర్ వయసు ఇరవై ఆరు, ఫోర్‌మన్‌కి నలభై అయిదు. ఈ పోటీకి అనుమతి కోసం ఫోర్‌మన్ కోర్టుకి కూడా వెళ్ళవలసివచ్చింది. కిన్షాసాలో ఓడిననాటి ఎర్రలాగే వేసుకొచ్చాడు. ఆనాడు అలీ మూలన ఉన్న డండీ ఈనాడు ఆయన మూలన ఉన్నాడు. తొమ్మిది రౌండ్లు ఫోర్‌మన్ దెబ్బలు తిన్నాడు. ముగ్గురు న్యాయనిర్ణేతల కాగితాల్లోనూ వెనకబడే ఉన్నాడు. పదో రౌండులో ఒక ఎడమ, వెంటనే పొట్టిగా సూటిగా ఒక కుడి, మూరర్ వెల్లకిలా పడ్డాడు. ఫోర్‌మన్ తన మూలకి వెళ్ళి మోకాళ్ళ మీద కూలబడి ప్రార్థించాడు. హెవీవెయిట్ విజేతలందరిలోకీ పెద్ద వయసువాడన్న పేరు నేటికీ ఆయనదే. 2025 మార్చి 21న, డెబ్భై ఆరో ఏట కన్నుమూశాడు.

మనవైపు కూడా ఈ పాఠం చెప్పినవాళ్ళున్నారు. 2007లో కవలలకు జన్మనిచ్చిన మేరీ కోమ్, 2008లో ముందు గౌహతిలో ఆసియా పోటీల్లో రజతంతో సరిపెట్టుకుని, ఆ తరవాత నింగ్‌బోలో నాలుగోసారి ప్రపంచ విజేత అయింది. మన నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ కథ ఇంకా దగ్గరిది. 2011లో అంటాల్యాలో జూనియర్ ప్రపంచ విజేత. 2017లో భుజం తొలిగి, శస్త్రచికిత్స జరిగి, రింగుకి దూరమైంది. గుద్దేవాళ్ళకి భుజం పోతే సగం ఆట పోయినట్టే. తిరిగి వచ్చి 2019లో స్ట్రాంజా టోర్నమెంటులో స్వర్ణం గెలిచింది. ఆ డిసెంబరులోనే ఒలింపిక్సు అర్హత కోసం జరిగిన ఎంపిక పోటీలో మేరీ కోమ్ చేతిలో చిత్తుగా ఓడింది. అక్కడితో ఆగి ఉంటే మనకి ఆ పేరు గుర్తుండేది కాదేమో. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయింది, 2023లో ఢిల్లీలో మళ్ళీ అయింది. భుజం పోయిన ఏడాదికీ ఇస్తాంబుల్‌కీ మధ్య ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళలో ఓటమి కూడా ఒక మెట్టే.

ఇప్పుడు మా పెద్దాయన మాటకి వస్తాను. ఆయన అన్నదానికి శరీరశాస్త్రంలో ఆధారముంది. సాధన మానేసిన కొద్ది వారాల్లోనే రక్త పరిమాణం, గుండె ఒక్కో తడవకి తోసే రక్తం, కండరాలు ప్రాణవాయువుని వాడుకునే శక్తి తగ్గడం మొదలవుతాయి. నేర్చుకున్న కదలిక అలా పోదు. ఈత, సైకిలు లాగే జాబ్ కూడా మెదడులో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ప్రమాదం సరిగ్గా ఈ ఎడంలోనే ఉంది. చెయ్యి ఇరవై ఏళ్ళనాటి వేగాన్ని గుర్తుపెట్టుకుని విసురుతుంది, దాన్ని మోసే భుజం, నరాలు, ఊపిరి ఇవాళ్టివి. మొదటిరోజు నాకు కలిగిన గర్వం, జెఫ్రీస్‌కి అద్దం చూసినప్పుడు కలిగిన గర్వం, రెండూ ఒక జాతివే. తిరిగి వచ్చినవాడికి తెలియనితనం కంటే తెలిసినతనమే ఎక్కువ శత్రువు.

రెండో వారంలో నేను పెద్దాయన్ని స్పారింగు అడిగాను. అక్కడ ఇరవై రెండేళ్ళ కుర్రాడొకడున్నాడు, మంచి పిల్లవాడు, నాకంటే పది కిలోలు తక్కువ. రెండు రౌండ్లు చాలు సార్, మెల్లగానే ఆడతాం అన్నాను. ఆయన నా వంక చూసి, "ఎవరికి చూపించడానికి?" అన్నారు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే జవాబు దొరికింది. నా పందొమ్మిదేళ్ళనాటి నాకు చూపించడానికి. వాడు ఇప్పుడు ఎక్కడా లేడు. లేనివాడి మెప్పు కోసం ఉన్న తలకాయని పణంగా పెట్టడమేమిటి? జెఫ్రీస్‌ని ఊరంతా కలిసి పొలం నుంచి లాక్కొచ్చారు. 1980 అలీని లాక్కొచ్చినవాటిలో డబ్బూ ఉంది, అద్దంలోని మనిషీ ఉన్నాడు. ఫోర్‌మన్‌కి మటుకు చెయ్యవలసిన పని ఒకటి ముందుంది, దానికోసం కొత్తగా నేర్చుకునే ఓపిక ఉంది.

మర్నాడు వెళ్ళి, ఈ ఏడాది స్పారింగు వద్దు సార్ అని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు, మెచ్చుకోనూ లేదు. అద్దం వైపు నుంచి నన్ను గోడ వైపుకి తిప్పి నిలబెట్టి, కాళ్ళ మధ్య ఎడం ఎంత ఉండాలో సుద్దముక్కతో నేల మీద గీశారు. పందొమ్మిదేళ్ళ క్రితం నేర్చుకున్న ఎడం కంటే అది కొంచెం ఎక్కువ. ఈ వయసుకి ఇదీ అన్నారు. మూడు వారాలుగా ఆ గీతల మీదే ముందుకీ వెనక్కీ నడుస్తున్నాను. నిన్న తాడు నూట ఇరవై దాకా తెగకుండా వచ్చింది.